ఈ గ్రూపు ఎవరిది?

"అన్నా, ఇది పాత గ్రూపు. తీసెయ్యనా?"

మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు. తెర మీద గ్రూపు పేరు ఫిన్-ఆర్‌డబ్ల్యూ-02. లోపల 19 మంది సభ్యులు. వివరణ రాయాల్సిన చోట ఏమీ లేదు. బాధ్యులు ఎవరో చెప్పాల్సిన చోటా ఏమీ లేదు. 2011లో తయారైందన్న తేదీ ఒక్కటే ఉంది. పేరును బట్టి ఫైనాన్స్ వాళ్లదనీ, ఏదో ఫోల్డరులో చదివే, రాసే హక్కు ఇస్తుందనీ ఊహించుకోవచ్చు. ఏ ఫోల్డరు? ఎవరు అడిగితే చేశారు? ఆ అవసరం ఇంకా ఉందా?

"వద్దులే, ఉండనీ. తీసేస్తే ఎవరి పని ఆగిపోతుందో తెలీదు" అన్నాను.

అన్నానే గానీ ఆ మాట రోజంతా వెంటాడింది. ఆ 19 మందిలో నలుగురు అప్పటికే వేరే విభాగాలకు మారిపోయారు. కుర్చీ మారింది, పని మారింది, ఫైనాన్స్ ఫోల్డరు తెరిచే హక్కు మాత్రం వాళ్లతోనే ఉండిపోయింది. ఇలాంటి గ్రూపులు ఒక మోస్తరు ఆఫీసులోనే వందల్లో ఉంటాయి. మీ జీతం వివరాలున్న ఫైలును ఎవరెవరు తెరవగలరన్నది చాలా చోట్ల ఇలాంటి ఒక గ్రూపు మీదే ఆధారపడి ఉంటుంది. కాబట్టి గ్రూపుకు తన సంగతి తాను చెప్పుకునే వీలు ఎలా కల్పించాలన్నది కంప్యూటర్లు చూసుకునే వాళ్లకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. కాస్త ఓపిగ్గా మొదటి నుంచి చూద్దాం.

పొద్దున ఆఫీసుకెళ్లి కంప్యూటరు ముందు కూర్చుని పేరు, పాస్‌వర్డ్ కొడతాం. అవి సరైనవో కావో తేల్చేది మన బల్ల మీదున్న పెట్టె కాదు. సర్వర్ గదిలో ఉన్న డైరెక్టరీ. పూర్వం ఫోన్ ఉన్న ప్రతి ఇంట్లో ఉండే లావుపాటి టెలిఫోన్ డైరెక్టరీకీ దీనికీ నిజంగానే చుట్టరికం ఉంది. దేశాల మధ్య టెలిఫోన్ల ప్రమాణాలు చూసే సంస్థ, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ కలిసి 1988లో ఎక్స్.500 అనే ప్రమాణాన్ని తెచ్చాయి. మనుషులు, యంత్రాలు, సంస్థల వివరాలను ఒకే చెట్టులా అమర్చి, ఎవరైనా వెతుక్కునేలా చేయడం దాని ఉద్దేశం. అది ఆ రోజుల కంప్యూటర్లకు మోయలేని బరువైంది. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో టిమ్ హౌస్, ఆయన సహచరులు దానికి తేలికైన దారి ఒకటి కట్టారు. అదే ఎల్‌డ్యాప్. దాని తొలి పత్రం 1993లో వచ్చింది. ఆ ఎల్‌డ్యాప్ భాష అర్థమయ్యే డైరెక్టరీని మైక్రోసాఫ్ట్ 2000 ఫిబ్రవరిలో విండోస్ 2000తో పాటు ఇచ్చింది. దాని పేరు యాక్టివ్ డైరెక్టరీ. అమీర్‌పేటలో విండోస్ సర్వర్ కోర్సు చేసిన వాళ్లకు ఈ పేరు కొత్త కాదు. లైనక్స్ వైపు ఓపెన్‌ఎల్‌డ్యాప్, ఫ్రీఐపీఏ లాంటివి ఉన్నాయి. ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించేది యాక్టివ్ డైరెక్టరీ కాబట్టి దాని మీదే చెబుతాను.

డైరెక్టరీలో ప్రతి వస్తువునూ ఆబ్జెక్ట్ అంటారు. ఉద్యోగి ఒక ఆబ్జెక్ట్, కంప్యూటరు ఒక ఆబ్జెక్ట్, ప్రింటరు ఒకటి, గ్రూపు ఒకటి. ఒక్కో ఆబ్జెక్ట్‌కు కొన్ని గడులుంటాయి. ఉద్యోగికి పేరు, ఫోన్ నంబరు, హోదా. గ్రూపుకు పేరు, సభ్యులు, రకం. ఈ గడినే అట్రిబ్యూట్ అంటారు. హక్కులు ఒక్కో మనిషికి విడివిడిగా ఇస్తూ పోతే లెక్క తేలదు. అందుకని హక్కు గ్రూపుకిచ్చి, మనుషుల్ని గ్రూపులో వేస్తారు. మనిషి వచ్చినప్పుడు చేర్చడం, వెళ్లినప్పుడు తీసేయడం. చేర్చడం ఎప్పుడూ జరుగుతుంది, ఎందుకంటే హక్కు లేనివాడు ఫోన్ చేసి అడుగుతాడు. తీసేయడం జరగదు. అక్కర్లేని హక్కు ఉన్నందుకు ఎవరూ ఫోన్ చేయరు.

ఇక స్కీమా. ఈ మాట వినగానే చాలామంది బెదురుతారు గానీ, భూమి రికార్డు చూసిన ఎవరికైనా ఇది తెలిసిన సంగతే. ఆంధ్రలో అడంగల్, తెలంగాణలో పహాణీ. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, పంట అంటూ వరసగా కాలాలు గీసి ఉంటాయి. ఊళ్లో రాసేవారు వరసలు నింపగలరు. ఏ పేజీలోనూ సొంతంగా కొత్త కాలం గీయలేరు. కాలం కావాలంటే నమూనా మారాలి, నమూనా మారితే అన్ని ఊళ్లకూ మారాలి. డైరెక్టరీలో ఆ నమూనాయే స్కీమా. ఏయే గడులు ఉండవచ్చు, ఏ గడిలో అంకె, ఏ గడిలో అక్షరాలు, ఏ రకం ఆబ్జెక్ట్‌కు (ఈ రకాన్నే క్లాసు అంటారు) ఏ గడులు వర్తిస్తాయి అన్నదంతా అందులోనే రాసి ఉంటుంది. ఒక సంస్థ డైరెక్టరీలో డొమైన్లు అనే భాగాలు ఎన్నున్నా, అవి ఫారెస్ట్ అనే ఒకే గుంపులో ఉంటే స్కీమా ఒక్కటే. హైదరాబాదులో మార్చింది అదే ఫారెస్ట్‌లోని డల్లాస్ ఆఫీసు సర్వరులోకీ వెళ్లి కూర్చుంటుంది.

అందుకే కొత్త గడి గీసే ముందు, ఉన్న గడులతో పని జరుగుతుందేమో చూడాలి. గ్రూపుకు డిస్క్రిప్షన్ అనే గడి పుట్టుకతోనే ఉంది. 1,024 అక్షరాల దాకా పడుతుంది. నోట్స్ అని ఇంకొకటి కనిపిస్తుంది, లోపల దాని పేరు ఇన్ఫో, అదీ అంతే పొడవు. ఎక్స్చేంజ్ మెయిల్ సర్వరు పెట్టిన చోట ఎక్స్‌టెన్షన్ అట్రిబ్యూట్ 1 నుంచి 15 దాకా ఖాళీ గడులు వస్తాయి. చిన్న ఆఫీసు, నలభై యాభై గ్రూపులు ఉన్న చోట నేనైతే స్కీమా జోలికే వెళ్లను. డిస్క్రిప్షన్‌లో ఎందుకు, ఎవరికి, ఎప్పటిదాకా అన్న మూడు ముక్కలు ఒకే వరసలో రాసే అలవాటు చేస్తే చాలు.

ఆ 15 ఖాళీ గడులతో నాకు ఒకటే పేచీ. వాటికి పేరు లేదు, నంబరే ఉంది. ఏడో గడిలో ఏముందో దాన్ని వాడిన మనిషికి తెలుసు, ఆ మనిషి వెళ్లిపోయాక ఎవరికీ తెలియదు. హెచ్‌ఆర్ వాళ్ల ప్రోగ్రాం అందులో ఒకటి రాస్తుంది, మెయిల్ టీం వాళ్ల స్క్రిప్టు అదే గడిలో ఇంకొకటి రాస్తుంది. పొరపాటు ఎక్కడ జరిగిందో తేలేసరికి వారం గడుస్తుంది.

మేనేజ్డ్-బై అనే గడి గురించి కాస్త ఆగి చెప్పాలి, మా గ్రూపు కథ అక్కడే ఉంది. గ్రూపు బాధ్యత ఎవరిదో చెప్పడానికే ఆ గడి. అందులో పేరు అక్షరాలుగా ఉండదు. ఆ ఉద్యోగి ఆబ్జెక్ట్ వైపు చూపించే ఒక లంకె ఉంటుంది. ఉద్యోగి పేరు మారినా, వేరే విభాగపు ఫోల్డరులోకి మార్చినా లంకె దానంతటదే సర్దుకుంటుంది. ఇది దాని బలం. కానీ ఆ ఉద్యోగి ఉద్యోగం మానేసి, ఖాతా తొలగించారనుకోండి. లంకె చూపించడానికి అవతలి కొస లేదు. డైరెక్టరీ ఆ గడిని శుభ్రంగా ఖాళీ చేసేస్తుంది. ఇక్కడ ఒకప్పుడు ఒక పేరు ఉండేదన్న ఆనవాలు కూడా ఆ గడిలో మిగలదు. పైగా అందులో ఒక్కరికే చోటు.

అంటే ఫిన్-ఆర్‌డబ్ల్యూ-02కు మొదటి నుంచీ దిక్కు లేదని అనుకోనక్కర్లేదు. 2011లో ఎవరో శ్రద్ధగా బాధ్యుల పేరు పెట్టే ఉండవచ్చు. ఆ మనిషి వెళ్లిన రోజే గ్రూపు అనాథ అయింది.

ఈ ఒక్క కారణం మమ్మల్ని కొత్త గడుల వైపు నడిపించింది. చాలా చర్చలయ్యాక మూడే అనుకున్నాం. ఒకటి, ఈ గ్రూపు ఎందుకుందో చెప్పే ప్రయోజనం గడి. రెండు, బాధ్యుల ఉద్యోగి నంబర్లు. లంకెగా కాదు, అక్షరాలుగా. ఖాతా పోయినా నంబరు మిగలాలి, హెచ్‌ఆర్ రికార్డులో ఆ నంబరు పట్టుకుని వెతికితే ఆ మనిషి ఎవరి కింద పనిచేశారో తెలుస్తుంది. మూడు, ఈ గ్రూపు ఇంకా కావాలా అని మళ్లీ అడగాల్సిన తేదీ. మొదట మా జాబితాలో తొమ్మిది ఉండేవి. ఆరు కొట్టేశాం. ఎవరూ నింపని గడి ఎంత ముఖ్యమైనదైనా ఖాళీ గడే.

గడి పేరు అనుకున్నాం కదా అని వెంటనే గీయడానికి లేదు. ప్రతి గడికీ లోకంలో ఇంకెక్కడా లేని ఒక సంఖ్య కావాలి. దీన్ని ఓఐడీ అంటారు. చుక్కలతో విడదీసిన అంకెల వరస. ల్యాండ్‌లైన్ నంబరు గుర్తు చేసుకోండి. 91 అంటే భారతదేశం, 40 అంటే హైదరాబాదు, తర్వాత ఎక్స్చేంజీ, చివరికి ఇల్లు. ఓఐడీ కూడా అలాగే పెద్ద ఊరు నుంచి చిన్న వీధికి దిగుతుంది. గ్రూపు సభ్యుల గడి ఓఐడీ 2.5.4.31. ఇందులో 2.5 అంటే ఆ పాత ఎక్స్.500 డైరెక్టరీ కుటుంబం. అంటే ఇవాళ మనం గ్రూపులో ఒకరిని చేర్చిన ప్రతిసారీ 1988 నాటి ఆ ఇంటి తలుపే తడుతున్నాం. మేనేజ్డ్-బై ఓఐడీ 1.2.840.113556.1.4.653. ఇందులో 840 అమెరికా కోడు, 113556 మైక్రోసాఫ్ట్. మన దేశపు కోడు 356.

సంస్థలు తమ సొంత సంఖ్యను అయానా అనే సంస్థ దగ్గర ఉచితంగా తీసుకోవచ్చు. 1.3.6.1.4.1 తర్వాత మీకంటూ ఒక అంకె ఇస్తారు, దాని కింద ఎన్ని కొమ్మలైనా మీ ఇష్టం. అది లేని వాళ్ల కోసం మైక్రోసాఫ్ట్ ఒక చిన్న స్క్రిప్టు ఇచ్చింది, అది తన కొమ్మ కింద ఎవరికీ తగలని పొడవాటి సంఖ్య పుట్టిస్తుంది. నా మాట అడిగితే అయానా సంఖ్యే తీసుకోమంటాను. తీసుకున్నాక ఏ కొమ్మ దేనికి వాడామో ఒక పుస్తకంలో రాసుకోవాలి. నెట్‌లో ఎవరో రాసిన ఉదాహరణలోంచి ఓఐడీ కాపీ కొట్టడం మాత్రం పక్కింటి నంబరు మన శుభలేఖ మీద అచ్చు వేయించడమే. రేపు ఏదో సాఫ్ట్‌వేరు కొని స్థాపించేటప్పుడు అదే సంఖ్య దానికీ ఉందని తెలిస్తే స్థాపన అక్కడే ఆగిపోతుంది.

సంఖ్యలాగే పేరూ తగలకూడదు. ఈ విషయంలో తయారీదారులే ఒకసారి చిక్కుకున్నారు. ఎక్స్చేంజ్ 2000 తన అవసరం కోసం స్కీమాలో సెక్రటరీ, హౌస్ ఐడెంటిఫయర్, లేబుల్డ్ యూఆర్‌ఐ అనే పేర్లతో మూడు గడులు చేర్చింది. అవి ప్రమాణ పత్రాల్లో ఉన్నట్టుగా లేవు. తర్వాత విండోస్ సర్వర్ 2003 వచ్చి, అవే పేర్లతో ప్రమాణం ప్రకారం ఉన్న గడుల్ని తెచ్చింది. ఒకే పేరుతో ఇద్దరు. డైరెక్టరీ ఏం చేస్తుంది? కొన్నింటి పేర్లకు ముందు డూప్లికేట్ అన్న అర్థంలో "డప్" చేర్చి, వెనక పెద్ద సంఖ్య తగిలించింది. ఇది జరగకుండా ముందే నడపాల్సిన సవరణ ఫైలును మైక్రోసాఫ్ట్ విడిగా ఇవ్వాల్సి వచ్చింది. అందుకే కొత్త గడి పేరు సంస్థ పేరులోని ముక్కతో మొదలవ్వాలి. "ప్రయోజనం" అని ఉత్తినే పెట్టకూడదు, "మనసంస్థ-గ్రూపు-ప్రయోజనం" లాగా పెట్టాలి. పొడుగ్గా ఉంటుంది, ఉండనివ్వండి.

ఇప్పుడు అసలైన నిర్ణయం: గడిలో ఏ రకం సరుకు పడుతుంది. అక్షరాలా, అంకెలా, తేదీయా, అవును కాదులా, లంకెనా. దీన్ని సింటాక్స్ అంటారు. ఒకసారి గీశాక ఇది మారదు. ఒకే విలువా, ఎక్కువ విలువలా అన్నదీ మారదు.

ఈ "మారదు" అన్న మాట విలువ నాకు ఒక ఆఫీసులో తెలిసొచ్చింది. గ్రూపు ఖర్చు ఏ విభాగం ఖాతాలో పడాలో చెప్పే కోడు కోసం గడి గీశాం. కోడ్లన్నీ నాలుగంకెలు. అంకెలే కదా అని అంకె రకం ఎంచుకున్నాను. రెండు వందల గ్రూపులు నింపాక అకౌంట్స్ నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ల 0412, మా దగ్గర 412గా కనిపిస్తోంది. అంకెకు ముందున్న సున్నాకు విలువ లేదు కాబట్టి డైరెక్టరీ దాన్ని ఉంచుకోలేదు. దాని తప్పేమీ లేదు. కోడు అంకెల్లా కనిపించే పేరు, లెక్కపెట్టే సంఖ్య కాదు. ఫోన్ నంబరును, పిన్ కోడును ఎవరూ కూడరు, తీసేయరు. అలాంటివన్నీ అక్షరాల రకంలోనే ఉండాలి. దిద్దుదామంటే రకం మార్చనివ్వదు. వేరే పేరుతో, వేరే ఓఐడీతో కొత్త గడి గీసి, రెండు వందల గ్రూపుల్నీ మళ్లీ నింపాం.

మరి పాత గడి? యాక్టివ్ డైరెక్టరీ స్కీమాలో చేర్చిన దాన్ని తొలగించే వీలు లేదు. గ్రూపుల్లో ఉన్న విలువలు తుడిచి, గ్రూపు క్లాసు నుంచి దాన్ని విడదీసి, చివరికి "ఇది వాడుకలో లేదు" అని గుర్తు పెట్టవచ్చు. అంతే. అది ఆ ఫారెస్ట్ ఉన్నంత కాలం అక్కడే ఉంటుంది. స్కీమాను పాత స్థితికి తీసుకెళ్లాలంటే మొత్తం ఫారెస్ట్‌నే బ్యాకప్ నుంచి మళ్లీ లేపాలి, ఒక గడి కోసం ఎవరూ ఆ పని చేయరు. ఆ ఆఫీసు వదిలి చాలా ఏళ్లయింది. నేను గీసిన ఆ అంకెల గడి ఇప్పటికీ అక్కడ ఉండే ఉంటుంది.

తేదీ గడి విషయంలో ఇదే పొరపాటు ఇంకో రూపంలో వస్తుంది. తేదీని అక్షరాలుగా 31-01-2025 అని రాసుకోవచ్చు కదా అనిపిస్తుంది, చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ "ఈ తేదీకి ముందున్న గ్రూపులన్నీ చూపించు" అని అడిగామనుకోండి. అక్షరాల్ని పోల్చేటప్పుడు ఎడమ నుంచి ఒక్కో అక్షరం చూస్తారు. 05-12-2026 ముందు వస్తుంది, 31-01-2025 తర్వాత వస్తుంది, ఎందుకంటే 0 కంటే 3 పెద్దది. దాదాపు రెండేళ్లు తలకిందులయ్యాయి. తేదీకంటూ విడిగా రకం ఉంది. అందులో విలువను అక్షరాలుగా కాక కాలంగానే చూస్తుంది కాబట్టి పోలిక సరిగ్గా పనిచేస్తుంది. మూడో గడికి అదే ఎంచుకున్నాం. బాధ్యుల నంబర్ల గడికి అక్షరాల రకం, ఒకటి కంటే ఎక్కువ విలువలు పట్టేలా. ప్రయోజనానికి అక్షరాలు, ఒకే విలువ, పొడవు 500కు మించకుండా.

గడులు తయారైనంత మాత్రాన అవి గ్రూపుకు అంటుకోవు. నమూనాలో గడి అచ్చు వేశాం, ఏ ఫారంలో అన్నది ఇంకా చెప్పలేదు. గ్రూపు అనే క్లాసు నిర్వచనంలోకి వెళ్లి ఈ మూడు గడులూ "ఉండవచ్చు" అన్న జాబితాలో నేరుగా చేర్చడం ఒక పద్ధతి. ఇంకోటి, మూడింటినీ కలిపి ఒక చిన్న సహాయక క్లాసు చేసి, దాన్ని గ్రూపు క్లాసుకు తగిలించడం. నేను రెండోదాన్నే ఇష్టపడతాను. మనం తెచ్చిన సరుకంతా ఒకే మూటలో ఉంటుంది. రేపు ఎవరైనా చూసినప్పుడు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన గ్రూపు ఏది, మనం కలిపింది ఏది అన్నది ఒక చూపులో తెలుస్తుంది. అన్ని గ్రూపులకూ కాకుండా కొన్నింటికే కావాలంటే, ఆ ఒక్కో గ్రూపుకే సహాయక క్లాసు తగిలించే వీలు కూడా విండోస్ సర్వర్ 2003 నుంచి ఉంది.

"ఉండవచ్చు" కాదు, "ఉండి తీరాలి" అని పెట్టొచ్చు కదా అని కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. ఖాళీగా వదిలేసే అవకాశమే లేకుండా పోతుంది కదా. కానీ అప్పటికే ఉన్న క్లాసుకు తప్పనిసరి గడిని చేర్చడానికి యాక్టివ్ డైరెక్టరీ ఒప్పుకోదు. ఒప్పుకుంటే ఆ క్షణానికి ఉన్న వేల గ్రూపులన్నీ నమూనాకు విరుద్ధమైపోతాయి. వాటిలో దేన్నీ ముట్టుకోలేం. కాబట్టి తప్పనిసరి అన్నది డైరెక్టరీ బయట, గ్రూపు తయారుచేసే పద్ధతిలో పెట్టుకోవాలి. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

గీసే రోజు పని నిజానికి పావుగంటది. దాని ముందు మూడు వారాలు పరీక్ష. అసలు ఫారెస్ట్‌లాంటిదే ఇంకొకటి విడిగా కట్టుకుని, మార్పులన్నీ ఎల్‌డిఫ్ అనే మామూలు టెక్స్టు ఫైలులో రాసుకుని, అక్కడ నడిపి చూడాలి. మౌసుతో కిటికీలు తెరిచి ఒక్కోటీ నింపే పద్ధతీ ఉంది. ఫైలైతే పరీక్షలో ఏది నడిచిందో అక్షరం తేడా లేకుండా అసలు చోటా అదే నడుస్తుంది, పైగా నలుగురు కూర్చుని ముందే చదవొచ్చు. ఆ ఫైలులో ప్రతి గడికీ జీయూఐడీ అనే గుర్తింపు సంఖ్య కూడా మనమే రాయాలి. రాయకపోతే సర్వరు తనకు తోచింది పుట్టిస్తుంది, పరీక్ష ఫారెస్ట్‌లో ఒకటి, అసలు దాంట్లో ఇంకొకటి అవుతుంది. దాని మీద ఆధారపడి ఇచ్చే అనుమతుల స్క్రిప్టులు అప్పుడు రెండు చోట్లా ఒకేలా పనిచేయవు.

మార్పు రాయగలిగేది ఫారెస్ట్ మొత్తంలో ఒకే ఒక్క సర్వరు. దాన్ని స్కీమా మాస్టర్ అంటారు. చేయగలిగేది స్కీమా అడ్మిన్స్ గ్రూపులో ఉన్నవాళ్లు. ఆ గ్రూపు మామూలు రోజుల్లో ఖాళీగా ఉండాలి. పని రోజున ఒకరిని చేర్చాలి, అయిపోగానే తీసేయాలి. విండోస్ 2000 కాలంలో రిజిస్ట్రీలో ఒక తాళం తీస్తే తప్ప స్కీమా కదిలేది కాదు. 2003 నుంచి ఆ తాళం తీసేశారు, కాబట్టి ఇప్పుడు ఆ ఖాళీ గ్రూపే మనకున్న తాళం. ముందు గడులు చేర్చాలి, తర్వాత క్లాసు, ఆ తర్వాత క్లాసును గ్రూపుకు తగిలించడం. సర్వరు స్కీమాను జ్ఞాపకంలో ఉంచుకుని వాడుతుంది, అది తాజా కావడానికి ఐదు నిమిషాల దాకా పడుతుంది. కాబట్టి గడి చేర్చిన మరుక్షణం క్లాసులో దాన్ని పేర్కొంటే అలాంటి గడే లేదంటుంది. కంగారుపడనక్కర్లేదు. మధ్యలో "ఇప్పుడే తాజా చెయ్యి" అనే ఒక వరస ఫైలులోనే రాసుకోవచ్చు.

గడి గీసేటప్పుడు పక్కన కొన్ని గుర్తులు కూడా అడుగుతుంది. వెతుకులాట వేగంగా జరగాలంటే ఇండెక్స్ గుర్తు, దాని విలువ 1. తేదీ గడికి పెట్టాం. మామూలు వాళ్లు చదవకూడదంటే గోప్యం గుర్తు, దాని విలువ 128. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. డైరెక్టరీలో చాలా గడుల్ని లాగిన్ అయిన ఏ ఉద్యోగైనా చదవగలడు, అలా ఉండటమే దాని సహజ స్థితి. కొత్త గడి దొరికింది కదా అని అందులో సర్వీస్ ఖాతా పాస్‌వర్డ్ రాసిపెట్టిన వాళ్లను చూశాను. గోప్యం గుర్తు ఉన్నా సరే, పాస్‌వర్డ్‌కు అది చోటు కాదు.

ఓపెన్‌ఎల్‌డ్యాప్‌లో ఆలోచన ఇదే, అలవాట్లు వేరు. అక్కడ సహాయక క్లాసును ప్రతి గ్రూపు ఎంట్రీలోనూ పేరు పెట్టి పేర్కొనాలి. గ్రూప్-ఆఫ్-నేమ్స్ అనే రకం గ్రూపులో కనీసం ఒక సభ్యుడు ఉండి తీరాలి, ఖాళీ గ్రూపు కుదరదు. మైక్రోసాఫ్ట్ క్లౌడు డైరెక్టరీ ఎంట్రా ఐడీలో స్కీమా మన చేతికివ్వరు. ఏదో ఒక అప్లికేషన్ పేరు మీద అదనపు గడులు నమోదు చేసుకోవాలి. గడి పేరులోనే ఆ అప్లికేషన్ గుర్తింపు సంఖ్య ఉంటుంది. పనికిరాదనుకుని ఆ అప్లికేషన్‌ను తీసేస్తే దాని గడులూ అందకుండా పోతాయి. కాబట్టి ఇలాంటి గడుల కోసమే ఒక అప్లికేషన్ విడిగా నమోదు చేసి, ఎవరూ ముట్టుకోకుండా ఉంచడం మేలు.

గీయడం అయింది. మరునాడు కుర్రాడు గ్రూపు ప్రాపర్టీస్ తెరిచి, కొత్త గడులు కనపడటం లేదన్నాడు. కనపడవు. ఆ కిటికీలోని ట్యాబులు ఎప్పుడో గీసినవి, మన గడుల సంగతి వాటికి తెలియదు. అడ్వాన్స్‌డ్ ఫీచర్స్ ఆన్ చేస్తే అట్రిబ్యూట్ ఎడిటర్ అనే ట్యాబు వస్తుంది. అందులో వందల గడుల మధ్య మన మూడూ ఉంటాయి. అది మనలాంటి వాళ్లకు సరిపోతుంది. నింపాల్సింది మాత్రం ఫైనాన్స్‌లో, అమ్మకాల్లో, గోదాములో పనిచేసే బాధ్యులు. వాళ్లను అక్కడికి పంపలేం.

తప్పనిసరి సంగతికి మళ్లీ వస్తానన్నది ఇక్కడే. ఒక చిన్న వెబ్ ఫారం కట్టాం. గ్రూపు కావాలంటే అందులోనే అడగాలి. ప్రయోజనం రాయకపోయినా, ఇద్దరు బాధ్యుల నంబర్లు ఇవ్వకపోయినా బటన్ నొక్కుడు పడదు. తేదీ మేమే పెడతాం, ఏడాది తర్వాత. ఫారం వెనక నడిచే ఖాతాకు ఈ మూడు గడుల్లో రాసే అనుమతి, గ్రూపు తయారుచేసే అనుమతి తప్ప ఇంకేమీ లేవు. ఒక్కో గడికి విడిగా అనుమతి ఇవ్వగలగడం సొంత గడి గీసుకోవడంలో ఉన్న పెద్ద లాభం. డిస్క్రిప్షన్‌లో అన్నీ కలిపి రాస్తే ఆ వీలు ఉండదు.

పాత గ్రూపులే మిగిలాయి. ప్రతి సోమవారం పవర్‌షెల్‌లో రెండు జాబితాలు తీస్తాం. తేదీ దాటిన గ్రూపులు మొదటిది. అసలు తేదీయే లేని గ్రూపులు రెండోది. ఈ రెండోది విడిగా అడగాలి. ఖాళీ గడి ఏ తేదీ కంటే చిన్నదీ కాదు, పెద్దదీ కాదు, మొదటి జాబితాలోకి అది ఎప్పటికీ రాదు. మొదటి సోమవారం రెండో జాబితాలో 640 గ్రూపులు వచ్చాయి. ఒక్కో దాని సభ్యులకు మెయిలు పెట్టి, ఇది మీకు దేనికి పనికొస్తోందని అడిగాం. వారానికి పాతిక.

ఫిన్-ఆర్‌డబ్ల్యూ-02 వంతు రెండో నెలలో వచ్చింది. 19 మందిలో 17 మంది తమకు తెలియదన్నారు. ఒకాయన జవాబే ఇవ్వలేదు. అకౌంట్స్‌లో పాతికేళ్లుగా ఉన్న ఒక మేడమ్ మాత్రం ఫోన్ చేసి, "అది వ్యాట్ రిటర్నుల ఫోల్డరు బాబూ. జీఎస్‌టీ వచ్చాక కొత్తగా ఏమీ పెట్టలేదు. ఆడిట్ వాళ్లు అడిగితే చూపించాలని నేనే అప్పుడప్పుడు తెరుస్తుంటాను" అన్నారు.

ఇప్పుడు ఆ గ్రూపులో ఇద్దరే ఉన్నారు. ఫోల్డరులో రాసే హక్కు తీసేసి, చదివే హక్కు ఉంచాం. ప్రయోజనం గడిలో "2017 జూన్ దాకా వ్యాట్ రిటర్నులు, ఆడిట్ కోసం చదవడానికి మాత్రమే" అని ఆవిడే చెప్పి రాయించారు. బాధ్యుల గడిలో ఆవిడ నంబరు, ఆవిడ కింద పనిచేసే అమ్మాయి నంబరు ఉన్నాయి. ఆవిడ వచ్చే మార్చిలో రిటైరవుతున్నారు. తేదీ గడిలో ఫిబ్రవరి 1 అని పెట్టాం.